తువాలు కింద ఏడు చేతులు

ఉద్యోగం అనగానే మీ తరం వాళ్ళకు జీతం, సెలవులు, ప్రమోషన్ గుర్తుకొస్తాయి. నేను ఇరవై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగంలో మొదటిది అప్పుడప్పుడూ ఉండేది, మిగిలిన రెండూ లేనేలేవు. చిత్తూరులో ఒక చిన్న రాజకీయ పార్టీ ఆఫీసుకు నేను కార్యదర్శిని. బోర్డు మీద కార్యదర్శి అనే రాసి ఉండేది కానీ తాళం తీసేదీ నేనే, ఊడ్చేదీ నేనే, టైపు కొట్టేదీ నేనే, అధ్యక్షుడి కోసం ఎవరైనా వస్తే "పెద్దాయన ఊళ్ళో లేరు" అని చెప్పి పంపేదీ నేనే. మీలో ఎవరైనా పార్టీల్లోనో సంఘాల్లోనో సమావేశాల మినిట్సు రాసే పనిలో ఉంటే, నేను చేసిన తప్పు మీకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. మీకు పనికిరాకపోయినా, నాకు రాయక తప్పదు.

పార్టీ పేరు చెప్పను. చెప్పినా మీకు గుర్తు రాదు. బెల్లం రైతులూ, మండీ వ్యాపారులూ, ఇద్దరు ముగ్గురు రైసుమిల్లుల వాళ్ళూ కలిసి పెట్టుకున్నది. రైతు తన బెల్లం తనకిష్టమైన చోట అమ్ముకోవాలి, సర్కారు అన్నిట్లో తలదూర్చకూడదు, ఎవడి ఆస్తి వాడికుండాలి, పెద్దలనాటి పద్ధతులను తొందరపడి తోసెయ్యకూడదు. మా సిద్ధాంతమంతా ఇంతే. ఎన్నికల్లో నిలబడిన ప్రతిసారీ డిపాజిట్టు పోయేది. దానికి మేం పెద్దగా బాధపడేవాళ్ళం కూడా కాదు, అలవాటైపోయింది.

అలాంటి పార్టీ ఒక అంతర్జాతీయ కూటమిలో సభ్యురాలంటే మీరు నవ్వుతారు. నవ్వండి, కానీ నిజం. మా అధ్యక్షుడు, అందరూ పెద్దాయన అని పిలిచేవాళ్ళు, ఒకసారి మద్రాసులో ఏదో సదస్సుకు వెళ్ళి ఒక విదేశీయుడితో స్నేహం చేసుకుని వచ్చాడు. దేశదేశాల్లో మావంటి ఆలోచనలున్న పార్టీలు, అంటే మధ్యకు కాస్త కుడివైపు నిలబడేవి, కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయట. వాటిలో దేశాలను ఏలిన పార్టీలున్నాయి, ప్రధానమంత్రులను ఇచ్చిన పార్టీలున్నాయి. ఆ కూటమి పంపిన ఫారాలు నేనే నింపాను. సభ్యుల సంఖ్య రాసేచోట పెద్దాయన చెప్పినది రాశాను. ఆర్నెల్లకు మమ్మల్ని చేర్చుకున్నట్టు ఉత్తరం వచ్చింది.

అప్పట్నుంచి మూడు నెలలకొకసారి ఒక బులెటిన్, దానితో పాటు ఒక ఉత్తరం వచ్చేవి. "ప్రియమైన మిత్రులారా" అని మొదలయ్యేది ఆ ఉత్తరం. ఆ మిత్రుల్లో దాన్ని చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. మా వాళ్ళెవరికీ ఇంగ్లీషు మీద అంత ఓపిక లేదు. నాకు పెళ్ళి కాలేదు, ఆఫీసు వెనక గదిలోనే ఉండేవాణ్ణి, అన్నం సాంబారు పక్క హోటల్లో. సాయంత్రం వీధి తలుపు మూసి ఆ బులెటిన్ ముందేసుకుని కూర్చుంటే, ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో వాళ్ళ మహాసభ ఫొటోలు, వరసగా కుర్చీలు, చెవుల్లో ఏవో తగిలించుకున్న మనుషులు. వాళ్ళంతా నా చుట్టాలే అన్నంత ఇదిగా చూసేవాణ్ణి. జవాబు మాత్రం ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు. నా జీవితంలో నాకోసం ఎదురుచూసిన వాళ్ళు ఆ ఉత్తరాల వాళ్ళొక్కరే అనుకునేవాణ్ణి. ఎదురుచూశారో లేదో దేవుడికి తెలియాలి.

ఇప్పుడు తువాలు సంగతి చెప్పాలి. కూటమి నిబంధనల్లో ఒకటుంది: ముఖ్యమైన నిర్ణయాలన్నీ కమిటీలో రహస్య ఓటుతో జరగాలి. మా కమిటీలో పెద్దాయన కాక ఏడుగురు. వాళ్ళకు చీటీల మీద నమ్మకం లేదు. ఎవడి రాత ఎవడిదో ఇట్టే పోల్చుకుంటారని వాళ్ళ అనుమానం. పశువుల సంతలో బేరం ఎలా చేస్తారో మీలో కొందరైనా చూసే ఉంటారు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, పైన తువాలు కప్పుతారు, ధర వేళ్ళతో చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది ఉన్నా బేరం ఎంతకు తెగిందో వాళ్ళిద్దరికే తెలుస్తుంది. మా వాళ్ళకు అది పుట్టుకతో వచ్చిన విద్య. అందుకని పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. తన భుజం మీది తువాలు కుడిచేతి మీద వేసుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళేవాడు. అవునంటే ఒక వేలు నొక్కాలి, కాదంటే రెండు. అందరివీ అయ్యాక పెద్దాయన మొత్తం చెప్పేవాడు. ఎవరు ఏమన్నారో ఆయనకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. మినిట్సులో నేను "ప్రాంతీయ సంప్రదాయం ప్రకారం రహస్య ఓటు" అని టైపు కొట్టి పంపేవాణ్ణి. ఒకసారి వాళ్ళ బులెటిన్‌లో దీన్ని మెచ్చుకుంటూ రెండు వాక్యాలు కూడా వేశారు. పెద్దాయన ఆ పేజీకి ఫ్రేము కట్టించాడు.

తొంభైల చివర్లో పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. వేలూరు ఆస్పత్రిలో చూపించాక నడక వచ్చింది, మాట కాస్త ముద్దగానైనా వచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. సరిగ్గా అప్పుడే కూటమి నుంచి మామూలుది కాని ఉత్తరం వచ్చింది. మా దేశం నుంచే ఇంకో పార్టీ, మాకంటే ఎన్నోరెట్లు పెద్దది, సభ్యత్వం కోరిందట. ఒక దేశం నుంచి కొత్త పార్టీని చేర్చుకోవాలంటే అక్కడ అప్పటికే ఉన్న సభ్యపార్టీ తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అంటే మేము. చిత్తూరు మండీ వీధిలో రెండు గదుల ఆఫీసు వద్దంటే, ఆ పెద్ద పార్టీ ఆ గడప తొక్కలేదన్నమాట.

ఉత్తరం వచ్చిన పది రోజులకు ఆ పార్టీ జిల్లా మనిషి జీపులో దిగాడు. మా ఆఫీసు వాకిట్లో జీపు ఆగడం అదే మొదలు. పెద్దాయనకు నమస్కారం పెట్టి, కూర్చుని, చుట్టు తిప్పకుండా చెప్పాడు.

"పెద్దాయనా, మీరు రాసిచ్చేదేముండాది, మీరే మాలో కలిసిపోండి. మీ ఏడుగురికీ మంచి మర్యాద సేస్తాము. పాకాల మిల్లాయనకు మండలం టికెట్టు ఇస్తాము. ఇంకేం గావాల?"

"మా సెక్రెటరీ ఉండాడే, ఆయప్ప సంగతేంది?" అని పెద్దాయన నా వైపు చూపించాడు.

ఆ మనిషి నన్నూ, నా ముందున్న టైపు మిషన్‌నూ ఒకేసారి చూశాడు. "మా ఆఫీసులో అన్నీ కంప్యూటర్లప్పా ఇప్పుడు" అన్నాడు. అంతే అన్నాడు. నవ్వుతూ, మర్యాదగానే అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా దిగింది, ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఆదివారం పొద్దున కమిటీ కూర్చుంది. అప్పటికే ఎండ ఏడిపిస్తోంది. ఏడుగురూ వచ్చారు. హోటలు నుంచి కాఫీలు వచ్చాయి. పెద్దాయన ముద్దమాటలతోనే సంగతంతా వివరించాడు. అభ్యంతరం చెప్పి మన పార్టీని మనం నిలుపుకోవాలంటే ఒక వేలు. ఒప్పుకుని వాళ్ళలో కలిసిపోవాలంటే రెండు. చెప్పి, తువాలు తీసి నాకు అందించాడు.

"నా సేతికి తెలివి లేదప్పా. ఒకటో రెండో తెలీలా. ఎడమసెయ్యి ఇస్తే మర్యాద గాదు. నువ్వు తీసుకో."

ఇరవై ఏళ్ళలో నేనెప్పుడూ ఆ తువాలు ముట్టుకోలేదు. మినిట్సు రాసేవాడికి ఓటు ఉండదు, చూపు ఉండదు.

మొదట పాకాల రైసుమిల్లాయన. మెత్తటి చెయ్యి, చల్లగా ఉంది. రెండు వేళ్ళు. ఇది అనుకున్నదే, టికెట్టు మీద ఆశ ఉంది కదా. తర్వాత తిరుపతిలో లాడ్జి నడిపే ఆయన. ఉంగరం గుచ్చుకుంది, రెండు. మూడో చెయ్యి రెండు. నాలుగో చెయ్యి పట్టుకునేటప్పటికి నా మనసులో నేనే బతిమాలుకుంటున్నాను, ఒక్కటి, ఒక్కటి నొక్కు నాయనా అని. రెండు. ఐదు, ఆరు కూడా అంతే. ఆఖరున ఐరాల రైతు. ఆయన మాలో గట్టివాడు. బెల్లం మీద ఆంక్షలు పెట్టినప్పుడు కలెక్టరాఫీసు ముందు మూడు రోజులు ఎండలో కూర్చున్న మనిషి. చెరుకు కోసి కోసి కాయలు కాసిన అరచెయ్యి. రెండు వేళ్ళు గట్టిగా నొక్కి, ఒక్క క్షణం అలాగే పట్టుకుని వదిలేశాడు.

నేను నా కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చాను. నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగుల్లో ఏమాలోచించానని మీరడిగితే, పెద్దాయన పరువు ఆలోచించానని చెప్పుకోవచ్చు. కొంత నిజమే. తను పెంచిన పార్టీని ఏడుకు ఏడుగురూ వద్దన్నారని ఆ చచ్చుబడిన చేతి మనిషికి ఎలా చెప్పను? కానీ ఉన్నమాట చెప్పుకోవాలంటే, రేపట్నుంచి నేను ఎక్కడికి పోవాలి అన్నదే నాకు ముందు తోచింది. తాళంచెవి ఎవరికివ్వాలి, ఉత్తరాలు వస్తే ఎవరు విప్పుతారు, సాయంత్రం ఎక్కడ కూర్చోవాలి.

"ఒక వేలు నాలుగు, రెండు వేళ్ళు మూడు" అన్నాను. "అభ్యంతరం చెప్పాలనే."

ఏడుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరికి వాళ్ళు ఆ మిగిలిన ఇద్దరు ఎవరా అని వెతుకుతున్నారు. అందరికంటే ముందు మిల్లాయన తేరుకుని "మంచిపని! మన పార్టీ మనకుండాల" అని గట్టిగా అన్నాడు. లాడ్జి ఆయన చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళూ కలిశారు. ఒకరి భుజం ఒకరు తట్టుకుని పొగుడుకున్నారు. అంత ఉత్సాహంగా మా కమిటీ ఎప్పుడూ ముగియలేదు. కాఫీలు మళ్ళీ తెప్పించారు. నవ్వొస్తుంది తలుచుకుంటే. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అందరూ వెళ్ళిపోయాక పెద్దాయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"నిజంగా నాలుగేనా?"

"అవునయ్యా."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నేనైతే ఐదని సెప్పుందును" అన్నాడు. అని, ఎడమచేత్తో తువాలు లాక్కుని భుజాన వేసుకున్నాడు.

అన్నేళ్ళుగా ఆయన చెప్పిన లెక్కలన్నీ ఆ ఒక్క మాటతో నాకు అనుమానంలో పడ్డాయి. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మరుసటి రోజు అభ్యంతరం ఉత్తరం టైపు కొట్టి, హెడ్డు పోస్టాఫీసులో రిజిస్టరు చేయించాను. కూటమి దాన్ని గౌరవించింది. మీ స్థైర్యానికి అభినందనలు అని జవాబు కూడా రాసింది. ఆ జవాబును నేను ఫైలులో పెట్టాను కానీ పెద్దాయనకు చదివి వినిపించలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండు వారాలకు మిల్లాయన నన్ను పాకాలకు రమ్మని కబురు పెట్టాడు. స్టేషను ప్లాట్‌ఫారం మీద బల్ల చూపించి కూర్చోబెట్టాడు. కాట్పాడి బండి వచ్చి వెళ్ళాక మొదలుపెట్టాడు.

"సెక్రెటరీ, నీకు తెలిసిందే. ఆ పొద్దు నేను రెండు వేళ్ళు నొక్కినాను. టికెట్టు ఆశ. మిగిలినోళ్ళు అంత గట్టిగా నిలబడినారు, నేను సూడు, ఎట్లాటోణ్ణో. ఐరాలాయన ముందర తలెత్తుకోలేనప్పా. నువ్వు ఎవురికీ సెప్పబాక."

నేను చెప్పనని మాటిచ్చాను.

తర్వాత తిరుపతి లాడ్జి ఆయన. తర్వాత ఇంకొకరు. ఏడాదిన్నరలో ఆరుగురూ, ఒకరికి తెలియకుండా ఒకరు, నా దగ్గరికి వచ్చి అదే మాట చెప్పారు. ప్రతివాడూ తనే ద్రోహి అనుకున్నాడు. నేను మూడు అన్నాను కదా, తనతో పాటు ఇంకెవరో ఇద్దరు ఉండాలన్న ఇంగితం ఎవరికీ ఊరట ఇవ్వలేదు. సిగ్గుపడే మనిషి లెక్కలు వెయ్యడు. ప్రతిసారీ నేను తలూపి, చెప్పనులే అన్నాను. ఒక్కమాటతో ఆ బరువు దించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట చెబితే నా అబద్ధం బయటపడుతుంది. కాబట్టి వాళ్ళ బరువు వాళ్ళ మీదే ఉంచాను.

కమిటీలకు రావడం తగ్గించారు. ముఖాలు చూసుకోలేక ఒకరి ఇంట్లో శుభకార్యానికి ఇంకొకరు పోవడం మానేశారు. అంతకుముందు వాళ్ళు ఏ పెళ్ళిలో కలిసినా ఒకే పంక్తిలో కూర్చునేవాళ్ళు, ఒకరి విస్తట్లోది ఇంకొకరు ఎగతాళి చేసేవాళ్ళు. ఏ గొడవా లేకుండా, ఒక్క మాట జారకుండా, ముప్పై ఏళ్ళ స్నేహం ఆరిపోయింది. ఆ ఓటు జరిగిన మూడో ఏడు పెద్దాయన పోయాడు. ఆ పెద్ద పార్టీ కూటమి మీద మోజు తగ్గి దరఖాస్తు అలాగే వదిలేసింది. కూటమి కార్యక్రమాలు ఆగిపోయిన పార్టీల పేర్లు తీసేస్తూ మాది కూడా తీసేసింది. ఆఖరి ఉత్తరం కూడా "ప్రియమైన మిత్రులారా" అనే మొదలైంది. ఆ సాయంత్రం నేను ఆఫీసులో కూర్చుని ఏడ్చాను. దేశదేశాల పార్టీలను కలిపి ఉంచే ఉత్తరాలు రాశానని నాకు గర్వంగా ఉండేది. మండీ వీధిలో ఏడుగురిని నా చేతులతోనే విడదీశాను.

ఏడోవాడు, ఐరాల రైతు, నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత నేనే వెళ్ళాను. అప్పటికి ఆఫీసు ఖాళీ చేసి, చిత్తూరులోనే ఒక కోర్టు గుమాస్తా ఇంటి మిద్దె మీద గదిలో ఉంటున్నాను. ఆయన చెరుకుతోటలో గానుగ దగ్గర ఉన్నాడు. పాకం కాగుతోంది. నన్ను చూసి నులకమంచం వాల్చి, ఆకులో వేడి బెల్లం పెట్టి ఇచ్చాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, తనే ఎత్తుకున్నాడు.

"అప్పుడు నా సెయ్యి పట్టుకున్న్యావే, నీకు గుర్తుండాదా?"

"ఉందన్నా."

"నాకు టికెట్టు గావాల్సి గాదప్పా. అలిసిపొయ్యినాను. నలుగురుండే సోట ఉండాలనిపిచ్చె. మిగిలినోళ్ళు నిలబడినారు, నేనే జారినాను. అందుకే నీకు మొగం సూపీలా."

అప్పుడు చెప్పేశాను. ఏడుగురివీ రెండు వేళ్ళేనని, నాలుగు మూడు అని నేనే కల్పించానని. కోప్పడతాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను. ఆయన పాకం మీది తెట్టు తీసి పక్కన వేశాడు.

"అట్లయితే ఆ పొద్దు అందరమూ ఒకే మాట మీద ఉన్న్యాము" అన్నాడు. "కలిసే పొయ్యుందుము కదప్పా. యాడికి పోతేనేమి, ఏడుగురమూ కలిసి పొయ్యుందుము."

ఆయన లేచి తలకు గుడ్డ చుట్టుకున్నాడు.

"పద, పాకాలకు పోదాము. మిల్లాయనకు సెప్పొద్దాము. నన్ను సూసి మొగం తిప్పుకుంటాంటే, నామీద కోపమనుకున్న్యా ఇన్నేండ్లూ."

"మిల్లాయన పోయి ఏడాదైందన్నా."

ఆయన నిలుచున్నవాడు నిలుచున్నట్టే ఉండిపోయాడు. "నాకు కబురు రాలేదే" అన్నాడు.

రాలేదు. ఎందుకంటే కబురు పెట్టాల్సింది కార్యదర్శి. మా వాళ్ళలో ఎవరింట్లో చావు జరిగినా మిగిలిన అందరికీ చెప్పే పని మొదట్నుంచీ నాదే. మిల్లాయన కొడుకు కూడా ఆ నమ్మకంతోనే నాకొక్కడికే ఫోను చేశాడు. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆరుగురూ ఒకచోట చేరతారు, చేరితే పాత సంగతులు మాట్లాడుకుంటారు, నా అబద్ధం అక్కడ శవం ముందు బయటపడుతుంది. కమిటీ తరఫున నేనొక్కణ్ణే వెళ్ళాను. "నాయన స్నేహితులు ఎవురూ రాలేదేమి సారూ?" అని ఆ కొడుకు నన్నడిగాడు. అందరూ ముసలివాళ్ళయిపోయారు బాబూ అన్నాను. ఇదంతా ఐరాల రైతుకు దాచకుండా చెప్పాను.

ఆయన నన్ను ఒక్కమాట తిట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చుని చెరుకుపిప్పి ఎగదోశాడు.

"ఇంగా ఐదుగురుండారు. ఒక్కొక్కరి ఇంటికీ పోయి, ఎదురుగా కూసోని సెప్పు. నువ్వు కాగితాలు రాసేవోడివి. కాగితం మాత్రం రాయబాక."

వెళ్ళాను. తిరుపతిలో లాడ్జి ఆయన ఇంటి గేటు దాకా వెళ్ళాను. లోపల ఆయన ఒక్కడే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ కనిపించాడు. కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి బస్సెక్కాను. మళ్ళీ ఇంకొకసారి కూడా అంతే జరిగింది. మిగిలిన నలుగురి ఊళ్ళకు ఆ మాత్రం కూడా వెళ్ళలేదు. ఇప్పుడు నాకు మోకాళ్ళు నొప్పులు అంటే మీరు నమ్ముతారు. వాళ్ళు నమ్మరు.

పిల్లలూ, మీకోసం రాస్తున్నానని మొదట్లో అన్నాను. అదీ పూర్తి నిజం కాదు. ఐరాలాయన వద్దన్న కాగితమే ఇది. ఆ ఐదుగురిలో ఎవరి చేతికైనా ఇది చేరితే, అయ్యలారా, మీలో ఎవరూ జారిపోలేదు, ఎవరూ నిలబడలేదు. ఆ ఆదివారం ఏడుగురివీ రెండు వేళ్ళే. ఒక వేలు నాదొక్కడిదే, నాకేమో ఓటు లేదు.